వట్టివేళ్ళ తడికనుండి ఏసీ ఫిల్టరుదాక: జహీరాబాదు ఇండ్ల గాలి చరిత్రము

రాజుల జయాపజయములను, కోటల నిర్మాణములను, శాసనముల తిథివారములను ఎంతో శ్రద్ధతో వ్రాసికొన్న మనవారు, తమ తాతముత్తాతలు వేసవి మధ్యాహ్నములందు ఇంటిలో ఎట్టి గాలిని పీల్చిరో, దానిని చల్లబరచుటకు ఏయే ఉపాయములు పన్నిరో, ఆ ఉపాయములవలన వారి ఊపిరితిత్తులకు కలిగిన మేలుకీడులెట్టివో తెలుపు చరిత్రమును మాత్రము వ్రాసిపెట్టలేదు. అయినను ఆ చరిత్రము గోడలలోను, పైకప్పులలోను, వాడుకలలోను, వ్యాధులలోను నిక్షిప్తమై యున్నది. ఇంటిని చల్లబరచు ప్రతి సాధనమును, తెలిసియో తెలియకయో, ఆ ఇంటివారు పీల్చు ధూళి యేదో కూడ నిర్ణయించుచునే వచ్చినది. చల్లదనము వేఱు, శుద్ధి వేఱు. ఈ రెండింటిని ఒకటిగా భావించిన తరములు ఉబ్బసముతోను, తుమ్ములతోను, ఎడతెగని పడిశముతోను ఆ భ్రాంతికి మూల్యము చెల్లించినవి. దక్కను పీఠభూమిపై వెలసిన జహీరాబాదు ఈ కథను చెప్పుటకు మిక్కిలి తగిన తావు.

హైదరాబాదునకు పశ్చిమముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున, పుణె నగరమునుండి మచిలీపట్నమునకు పోవు 65వ జాతీయ రహదారిపై ఈ పట్టణము నెలకొని యున్నది. పూర్వము మెదకు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు మాసమున జరిగిన పునర్విభజనతో సంగారెడ్డి జిల్లాలో చేరినది. బహమనీలకును బరీదుషాహీలకును రాజధానియైన బీదరు ఇచ్చటికి సమీపమందే యుండుటచేత, ఈ ప్రాంతపు సంతలలో తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ కలిసిమెలిసి వినవచ్చును. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన యెత్తున నున్న యీ యెఱ్ఱనేల లాటరైటు శిలనుండి పుట్టినది. వేసవిలో ఆ నేల ఎండి, బండిచక్రముల క్రిందను లారీల వెనుకను లేచు ఎఱ్ఱని దుమ్ము ఇంటింటి గుమ్మముపై పొరగా పేరుకొనును. శీతకాలమున తెలంగాణమందెల్ల అత్యల్పమైన ఉష్ణోగ్రతలు నమోదగు చోటులలో పొరుగుననున్న కోహీరు పేరు తఱచుగా వినబడును. పగలు తీవ్రమైన ఎండ, రాత్రి చల్లని గాలి, ఏడాది పొడుగున దుమ్ము, వానకాలమున తేమ: ఈ నాలుగును ఇచ్చటి గృహనిర్మాణమును శాసించినవి.

ఇచ్చటి పాత యిండ్లకు గోడలు ఎఱ్ఱరాతితోనో మట్టితోనో మిక్కిలి మందముగా కట్టబడెడివి. పైన దూలములు పఱచి, వాటిపై కఱ్ఱలును ఆకులును కప్పి, మట్టి దట్టించి మిద్దె వేయుదురు. కలిగినవారి భవంతులలో నడుమ ఆకాశమునకు తెఱచియున్న వాకిలియు, దానిచుట్టు అఱ్ఱలును ఉండెడివి. మందమైన గోడ పగటి వేడిని తనలో నిలుపుకొని రాత్రికిగాని లోపలికి విడువదు. ఆ వేడి వెలువడు వేళకు ఇంటివారు వాకిట మంచములు వాల్చుకొని నక్షత్రముల క్రింద పరుండియుందురు. మిద్దెలో విడిచిన గవాక్షము గుండ వేడిగాలి పైకి పోగా, తలుపులగుండ క్రొత్తగాలి లోనికి వచ్చును. ఉదయమున ముంగిట సాన్పు చల్లుటయు, సాయంకాలమున నీళ్ళు చిలుకరించుటయు చల్లదనమునకే కాక దుమ్మును అణచుటకును ఉపకరించెడివి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను లోకోక్తి గల యీ దేశమున, ఏ యంత్రమును లేకయే ఇల్లు నివాసయోగ్యముగా నుండినదన్నచో, అది గోడ మందమునకును గాలి రాకపోకలకును చెందవలసిన కీర్తి.

ఐతే ఆ యిల్లు సర్వదోషరహితమని చెప్పుట సత్యదూరమగును. పొయ్యిలో పిడకలును కట్టెలును మండునప్పుడు లేచిన పొగ గవాక్షముగుండ పోవలసినదంతయు పోక, వంటయింటి ఆడువారి కన్నులకును ఊపిరితిత్తులకును మిక్కిలి హాని చేసినది. ఇంటిలోనే కట్టిన పశువుల రోమములు, గాదెలలోని ధాన్యపు ధూళి, మట్టికప్పునుండి రాలు నుసి, పాత బొంతలలోని దుమ్ము, ఇవన్నియు ఉబ్బసరోగికి శత్రువులే. అయినను ఆ యింటికి ఒక మహోపకారకమైన గుణము కలదు: అందలి గాలి నిలువ యుండదు. పొగయు దుమ్మును ఎంత పుట్టినను, వెలుపలి గాలి వచ్చి వాటిని పలుచన చేయుచుండెడిది. ఈ గుణమును మనము ఏ యంత్రమునకై విడిచితిమో తెలిసికొనుటకే ఈ చరిత్రము.

ఇంటికి వచ్చు గాలిని ప్రత్యేకముగా చల్లబరచు ప్రయత్నములలో మనదేశమున ప్రాచీనమైనవానిలో వట్టివేళ్ళది యొకటి. సంస్కృతమున ఉశీరమని పిలువబడు ఈ గడ్డి వేరును తాపశాంతికై నూరి మేనికి పూయుట కాళిదాసు శాకుంతలమున సైతము కానవచ్చును. అక్బరు కాలమున వట్టివేళ్ళతో గదులు కట్టి, వాటిపై నీరు చల్లించి, వేసవిలో శీతకాలమును కల్పించుకొన్న వృత్తాంతమును, సురేకారముతో నీటిని చల్లబరచు విధానమును అబుల్ ఫజలు తన ఐనీ అక్బరీలో వర్ణించియున్నాడు. ఉత్తరాదినుండి దక్కనుకు వచ్చిన దర్బారు మర్యాదలతోపాటు ఈ తడికల వాడుకయు హైదరాబాదు రాజ్యమున స్థిరపడి, నవాబుల దేవిడీలకును, అధికారుల బంగళాలకును, క్రమముగా పట్టణములందలి కలిగిన యిండ్లకును వ్యాపించినది.

తడిక చేయు పనిలోని శాస్త్రము సులభము. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను. పొడిగాలి తడిసిన వేళ్ళ సందులగుండ పోవునప్పుడు ఆ వేడిని ఆ గాలినుండియే నీరు గ్రహించును. తత్ఫలితముగా గాలి చల్లబడును. వేసవిలో దక్కను గాలి మిక్కిలి పొడిగా నుండుటచేత ఈ ఉపాయము ఇచ్చట చక్కగా ఫలించినది. ఇంతకు మించిన ఉపకారము మఱియొకటి ఆ తడికవలన అనుకొనకయే కలిగినది. గాలితో వచ్చు ముతక దుమ్ము తడివేళ్ళకు అంటుకొని లోనికి రాక నిలిచిపోయెడిది. పిదప చల్లిన నీరు ఆ దుమ్మును కడిగి నేలపై కార్చెడిది. వెలుపలి గాలినే లోనికి తెచ్చుచు, తెచ్చునప్పుడే చల్లబరచి, కొంత కడిగి యిచ్చుట ఈ తడికలోని విశేషము. వాడుకలో నున్న క్రమము కూడ ఆరోగ్యకరమైనదే: వేసవి గడచిన పిదప తడికలను తీసివేయుదురు, మరుసటి యేడు క్రొత్తవేళ్ళతో మరల కట్టుదురు. ఎక్కువకాలము తడిసి నిలిచిన వేరు బూజుపట్టి కుళ్ళునని వారికి అనుభవమే నేర్పినది.

ఈ చల్లదనము వెనుక నున్న శ్రమను మఱచుట కృతఘ్నత. తోలుతిత్తితో నీరు మోసి గంటగంటకును తడికలను తడుపు భిస్తీలు, గది వెలుపల కూర్చుండి త్రాడు లాగుచు పంకా ఊపు కూలీలు, తాము ఎండలో వేగుచు ఇతరులకు చల్లదనమును సమకూర్చిరి. వ్రేలాడు గుడ్డపంకా 18వ శతాబ్దాంతమునకు వంగదేశపు ఆంగ్లేయుల యిండ్లలో ప్రబలి, అచ్చటినుండి దేశమంతటికి వ్యాపించినది. 19వ శతాబ్దమున తడికలకు వెనుక చేతితో త్రిప్పు చక్రపు విసనకఱ్ఱను పెట్టి, దానికి థర్మాంటిడోటు అని పేరిడిరి. నేటి కూలరునకు అది సాక్షాత్తు పితామహుడు. ఆ నాళ్ళలోనే, అనగా 1833లో, అమెరికాలోని బోస్టను నగరమునుండి మంచుగడ్డలు ఓడపై కలకత్తాకు చేరినవి. ఆ వర్తకమునకు చిహ్నముగా మదరాసు సముద్రతీరమున నిలిచిన ఐస్ హౌస్ భవనము తెలుగువారికి సుపరిచితమే.

చల్లగాలి మాట అట్లుండగా, శుద్ధవాయువు ఔషధమను భావము వైద్యులలో బలపడిన కాలమొకటి వచ్చినది. క్షయరోగమునకు సరియైన మందు లేని ఆ దినములలో రోగులను కొండలపై, తెఱచిన వసారాలలో పరుండబెట్టి, మంచి ఆహారముతోను మంచి గాలితోను నయము చేయజూచిరి. రాయలసీమలో మదనపల్లి దగ్గఱి ఆరోగ్యవరము ఇట్టి ఆసుపత్రులలో ప్రసిద్ధమైనది. జహీరాబాదువారికి మఱింత సమీపమున, వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలపై నిజాము కాలముననే క్షయ శానిటోరియము వెలసినది. జహీరాబాదు మీదుగా బీదరుకు పోవు రైలుమార్గము చీలునది వికారాబాదునందే కాన, ఈ ప్రాంతపు రోగులకు ఆ కొండగాలి చేరువలోనిదే అయ్యెను. స్ట్రెప్టోమైసిను మొదలగు మందులు వచ్చిన పిదప గాలివైద్యపు ప్రాభవము తగ్గినది, తగ్గుటలో తప్పులేదు. కాని గాలి మారవలెను, గది తెఱచియుండవలెను అను ఉపదేశము కూడ దానితోనే మఱుగున పడుట మాత్రము నష్టమే.

ఉబ్బసరోగులు అవలంబించిన మార్గములలో దక్కనున ప్రఖ్యాతమైనది చేపమందు. మృగశిర కార్తె ప్రవేశించునాడు హైదరాబాదు నగరమున బత్తిన వంశీయులు, 1845 నుండి తమ కుటుంబమున వచ్చుచున్నదని చెప్పు మందును, బ్రతికియున్న కొఱమీను పిల్లనోట పెట్టి రోగులచే మ్రింగించుట అందఱెఱిగినదే. దేశము నలుమూలలనుండి వేలాదిజనము వచ్చి ఆ వరుసలలో నిలుచుటను జూచినచో, ఊపిరి ఆడకపోవుట మనుష్యునకెంతటి భయంకరబాధయో తెలియును. ఆ మందు ఉబ్బసమును కుదుర్చునని ఆధునికవైద్యశాస్త్రము అంగీకరింపలేదు. కాని ఆ దినము వచ్చు ఋతుసంధి గమనింపదగినది. వేసవి ముగిసి తొలకరి పడు వేళ, పొడిదుమ్ము పోయి తేమయు బూజును వచ్చు వేళ, ఎందఱకో ఉబ్బసము రేగుట సహజము.

ఆ రేగుటకు కారణమేమో తెలియుటకు పాశ్చాత్యశాస్త్రమునకు సైతము శతాబ్దముపైగా పట్టినది. 1819లో లండను వైద్యుడు జాన్ బోస్టాకు ఏటేట వేసవిలో తనను పీడించు తుమ్ములను, కంటిమంటను వర్ణించెను. మాంచెస్టరు వైద్యుడు చార్లెసు బ్లాక్లే తన శరీరముపైననే ప్రయోగములు చేసికొని, దానికి మూలము గడ్డిజాతుల పుప్పొడియని 1873లో గ్రంథముగా ప్రకటించెను. వియన్నా నగరపు వైద్యుడు ఫాన్ పిర్కే 1906లో ఈ వికారములకు అలర్జీ అను పేరు పెట్టెను. ఇంటి దుమ్ములోని దోషమేదో కనుగొనుటకు ఇంకను చాలకాలము పట్టి, 1960 దశకమున నెదర్లాండ్సు దేశపు లైడెను పట్టణశాస్త్రజ్ఞులు, పరుపులలో నివసించు కంటికి కనబడని పురుగులే అందులకు ముఖ్యకారణమని నిరూపించిరి. ఆ దశకముననే ఐజీఈ అను రక్షకపదార్థము కనుగొనబడి, నిరపాయమైన పుప్పొడిని శత్రువుగా భావించి శరీరము చేయు వ్యర్థయుద్ధమే అలర్జీయని స్పష్టపడినది.

ఇంతలో విద్యుచ్ఛక్తి వచ్చి, పంకా లాగు చేతులకు విశ్రాంతి నొసగినది. 1942లో హైదరాబాదున స్థాపితమైన ఆల్విన్ సంస్థ బస్సుల నిర్మాణముతో పాటు రిఫ్రిజిరేటర్ల తయారీలోను పేరెన్నికగన్నది. దక్కనునందలి మధ్యతరగతి యిండ్లకు చల్లని యంత్రమును తొలిసారి పరిచయము చేసినది పెక్కుచోట్ల ఆ పేరే. ఆ సంస్థయే 1980 దశకమున జపానుదేశపు నిస్సాను కంపెనీ సహకారముతో జహీరాబాదునందు తేలికపాటి లారీల కర్మాగారమును నెలకొల్పినది. తదనంతరము ఆ కర్మాగారము మహీంద్రా సంస్థ చేతికి వచ్చెను. ఆల్విన్ రిఫ్రిజిరేటరు విభాగము 1990 దశకమున వోల్టాసునకు చెందెను. కర్మాగారముతో ఉద్యోగములు, ఉద్యోగములతో పక్కా యిండ్లు, పక్కా యిండ్లతో సిమెంటు స్లాబులు జహీరాబాదున పెరిగినవి. మట్టిమిద్దె వలె గాక, పలుచని స్లాబు పగలంత కాగి, సాయంకాలమునుండి నడిరేయివఱకు గదిలోనికి వేడిని వెలిగ్రక్కును. పాత యిల్లు గోడతో సాధించినదానిని క్రొత్త యిల్లు యంత్రముతో సాధింపవలసిన అవసరము ఇట్లు ఏర్పడినది.

మొదట వచ్చినది కూలరు. రేకుపెట్టెకు మూడువైపుల గడ్డి, క్రింద నీటితొట్టి, లోపల మోటారు, ఎదుట పంకా. ఇంతకన్న దానిలో వేఱే రహస్యము లేదు. కిటికీకి వెలుపల పెట్టినచో అది క్రొత్తగాలిని లోనికి తెచ్చును గనుక, వట్టివేళ్ళ తడికలోని సద్గుణము దీనియందును కలదు. కాని భిస్తీ పాటించిన క్రమమును కూలరు యజమాని పాటింపడయ్యెను. గడ్డి మార్చక రెండేండ్లు మూడేండ్లు వాడుట, తొట్టిలోని నీటిని పారబోయక దినదినము పైన పోయుచుండుట, గదిలోపలనే కూలరును పెట్టి తలుపులు మూయుట అలవాటయ్యెను. అప్పుడు తొట్టి దోమలకు పుట్టినిల్లగును. గడ్డిలో బూజు పెరుగును. గదిలో తేమ నిండి, గోడలకు నిమ్ముపట్టి, పరుపులలోని దుమ్ముపురుగులకు కావలసిన పరిస్థితి సమకూరును. ఆ పురుగులు నీరు త్రాగవు. గాలిలోని తేమనే దేహముతో పీల్చి జీవించును. తేమ నూటికి 50 పాళ్ళకు దిగువన నిలిచినచో అవి క్రమముగా నశించును. అంతకు మించి చాలనాళ్ళు నిలిచినచో వృద్ధిపొందును.

ఏసీ యంత్రపు జన్మకథ మనుష్యుల సుఖముకొఱకు మొదలైనది కాదు. 1902లో బ్రూక్లినునందలి యొక ముద్రణాలయమున తేమ మార్పులవలన కాగితము సాగుచు ముడుచుకొనుచు రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకపోగా, విల్లిసు క్యారియరు అను యువకుడు గాలిలోని తేమను అదుపుచేయు విధానమును రూపొందించెను. 1906లో ఆతడు పొందిన పేటెంటు, నీటితుంపరలగుండ గాలిని నడిపి దానిని కడిగి తేమను సవరించు యంత్రమునకు సంబంధించినది. తడిసిన వేళ్ళగుండ గాలిని రప్పించిన మనవారి ఉపాయమునకును దీనికిని గల సామ్యము విజ్ఞులు గమనింతురుగాక. గాలిని చల్లబరచుటయు, తేమను అదుపుచేయుటయు, శుద్ధిచేయుటయు, మార్చుటయు అను నాలుగు పనులును కలిసియుండుటే మొదటినుండి ఆ విద్యలోని సంకల్పము. మన యిండ్లకు వచ్చుసరికి అందులో చల్లబరచుట యొక్కటే అంగడివాని నోటను, కొనువాని చెవిని మిగిలినది.

మనదేశమున 1954లో వోల్టాసు సంస్థ ఏర్పడిన నాటినుండి చాలకాలము ఏసీ విలాసవస్తువుగనే పరిగణింపబడి, పెద్ద కార్యాలయములకును, సినిమాహాళ్ళకును, ధనికుల పడకగదులకును పరిమితమైనది. గత రెండుమూడు దశాబ్దములలో జహీరాబాదు వంటి పట్టణములందు అంగళ్ళకును, బ్యాంకులకును, ఆసుపత్రులకును, తుదకు సామాన్య ఉద్యోగుల యిండ్లకును అది చేరినది. పూర్వపు కిటికీ ఏసీలో వెలుపలి గాలిని కొంత రప్పించుకొను చిన్న మీట యుండెడిది. నేడు గోడకు తగిలించు స్ప్లిట్ ఏసీలలో అత్యధికము వెలుపలి గాలిని ఇసుమంతయు తేవు. గదిలోని గాలినే పీల్చి, చల్లబరచి, మరల గదిలోనికే విడుచుచుండును. గాలి మారని గదిలో మనుష్యుడు కోరి నిద్రించుట ఇట్లు వాడుకయైనది. కనుకనే ఆ యంత్రపు ముఖమున అమర్చిన సన్నని నైలాను జల్లెడ, అనగా ఫిల్టరు, ఇంటివారి ఊపిరికి కావలియయ్యెను.

ఆ కావలి ఎదుర్కొనవలసిన శత్రువులను జహీరాబాదు పరిసరములందే చూడవచ్చును. ఎఱ్ఱదుమ్ము సరేసరి. 1955 ప్రాంతమున పుణెలో మొట్టమొదట గుర్తింపబడిన వయ్యారిభామ మొక్క నేడు దేశమంతట వ్యాపించినది. అదే పుణెనుండి బయలుదేరు రహదారి కిరువైపులను, ఊరి బీళ్ళలోను, తేమ చిక్కిన చోటనెల్ల తెల్లని పూలతో అది పెరుగుచున్నది. దాని పుప్పొడి ముక్కునకును, దాని స్పర్శ చర్మమునకును హానికరములని బెంగుళూరున జరిగిన పరిశోధనలు తెలిపినవి. 19వ శతాబ్దపు చివరిపాదమున కడప మండలమందలి కమలాపురమున నాటబడి, వంటచెఱకుకై ప్రోత్సహింపబడిన సర్కారుతుమ్మ పుప్పొడియు అలర్జీ కలిగించు వాటిలో నొకటి. ఇంటిలోపల దుమ్ముపురుగుల విసర్జనము, బొద్దింకల పొట్టు, పెంపుడుపిల్లుల చర్మపు పొడి, గోడల బూజు ఉన్నవి.

జహీరాబాదు వంటి చెరకు పండు దేశమునకు మఱియొక ప్రత్యేకమైన హెచ్చరిక కలదు. నిలువ పెట్టిన చెరకుపిప్పి తడిసి వేడెక్కినప్పుడు, వేడిని ప్రేమించు ఒకజాతి సూక్ష్మజీవులు అందులో పెరుగును. ఆ పిప్పి దుమ్మును పీల్చిన కార్మికులకు జ్వరము, దగ్గు, ఆయాసము కలుగుట అమెరికాలోని లూసియానా రాష్ట్రమున 1940 దశకారంభముననే వర్ణింపబడినది. మూడు దశాబ్దముల పిదప, 1970లో, అదే దేశపు వైద్యులు ఒక కార్యాలయమున పనిచేయువారికి వచ్చుచున్న అట్టి వ్యాధికి కారణము వెదకి, ఆ భవనపు ఏసీ యంత్రములోనే ఆ జాతి సూక్ష్మజీవులు పెరిగి గాలిలో కలియుచున్నవని కనుగొనిరి. పిప్పికుప్ప దగ్గఱ కూలివానిని పీడించిన జాతియే చల్లనిగదిలోని ఉద్యోగిని కూడ పీడించినది. కాపాడవలసిన యంత్రము, శుభ్రముచేయనిచో, తానే వ్యాధికి జన్మస్థానమగునని శాస్త్రమునకు తెలిసిన గట్టి తార్కాణములలో ఇది యొకటి.

ఇక ఫిల్టరు ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అను ప్రశ్న. మిల్లీమీటరులో వేయవపాలును మైక్రానందురు. వయ్యారిభామ పుప్పొడి సుమారు 15నుండి 20 మైక్రానులు. దుమ్ముపురుగుల విసర్జనపు గుళికలు 10నుండి 40. బూజురేణువులు పెక్కు 2నుండి 10. పిల్లిపొడిలో కొంతభాగము 5కు లోపల. పొగరేణువులు ఒకటికిని దిగువ. సాధారణపు ఏసీలోని నైలాను జల్లెడ నూలుపోగులను, వెండ్రుకలను, ముతకదుమ్మును, దానితోపాటు కొంత పుప్పొడిని ఆపును. సన్నని బూజురేణువులను, పొగను చాలవఱకు ఆపలేదు. వాటి నాపుటకు హెపా అనబడు దట్టమైన ఫిల్టరు కావలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అణ్వస్త్రనిర్మాణమందు వెలువడు ప్రమాదకరధూళిని పట్టుటకై రూపొందిన ఈ ఫిల్టరు 0.3 మైక్రాను రేణువులను నూటికి 99.97 పాళ్ళు ఆపును. కాని అంతటి దట్టమైన దానిని ఇంటి ఏసీకి తగిలించినచో, దాని చిన్నపంకా గాలిని లాగజాలదు. కనుక అట్టి శుద్ధి కోరువారికి వేఱుగా గాలిశుద్ధియంత్రమే శరణ్యము.

ఐనను నైలాను జల్లెడను చులుకన చేయరాదు. అది శుభ్రముగా నున్నచో లోపల గాలిని చల్లబరచు తీగచుట్టపై దుమ్ము అంతగా పేరుకొనదు. ఆ తీగచుట్టపై నిరంతరము నీటిబిందువులు కూడును. తడికి దుమ్ము తోడైనచో బూజుకు ఆహారము దొరకినట్లే. మాసిన జల్లెడవలన గాలి తగ్గి, చల్లదనము తగ్గి, కరెంటు ఖర్చు పెరిగి, యంత్రము వేయగానే మ్రగ్గినవాసన గదిలో నిండును. ఆ వాసన వచ్చుటయు, ఇంటిలోని బిడ్డ తుమ్మనారంభించుటయు తఱచుగా ఒకేసారి జరుగుట కాకతాళీయము కాదు. మఱియొక మేలును ఏసీ ఖాతాలో న్యాయముగా వ్రాయవలెను: అది గాలిలోని తేమను నీటిగా మార్చి వెలుపలికి పంపును, పుప్పొడి రేగు వేళ కిటికీలు మూసికొని యుండుటకు వీలు కల్పించును. చక్కగా పోషింపబడిన ఏసీ అలర్జీరోగికి మిత్రము.

మేలైన ఫిల్టరును చూచి సర్వరోగనివారిణియని నమ్ముటయు పొరపాటే. దుమ్ముపురుగుల గుళికలు బరువైనవి. పరుపు దులిపినప్పుడు లేచి, కొలదిసేపటికే మరల పడిపోవును. గోడపైనున్న ఫిల్టరువఱకు అవి చేరుట తక్కువ. వాటి నివారణము పరుపులు, దిండ్లు, దుప్పట్ల దగ్గఱ జరుగవలెను: వారమున కొకసారి వేడినీట ఉతుకుట, ఎండలో వేయుట, దిండునకు దట్టమైన గలీబు తొడుగుట. పిల్లిపొడి వంటి తేలికరేణువులు గంటలకొలది గాలిలో తేలుచుండును గనుక వాటి విషయమున ఫిల్టరు ఎక్కువగా ఉపకరించును. ఉబ్బసరోగి వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును ఫిల్టరుపై నమ్మకముతో మానరాదు. ఫిల్టరును ఇన్‌హేలరుపై నమ్మకముతో మఱువనురాదు.

ఈ చరిత్రమంతయు ఒక సత్యమును బోధించుచున్నది. తడిక కాలమున గాలిని కాపాడు పని ఒక మనుష్యునిది. ఆతడు తడిపెను, కడిగెను, ఏటేట మార్చెను. యంత్రము వచ్చి ఆతని శ్రమను తొలగించినది, అది సంతోషింపదగినదే. కాని పని తొలగిపోలేదు. అది ఇంటి యజమాని చేతికి వచ్చినది, యజమాని దానిని గుర్తింపలేదు. సాన్పు చల్లుటను, సున్నము వేయుటను, పండుగకు బూజు దులుపుటను ఆచారముగా నిలుపుకొన్న సమాజమునకు, ఇంటిగాలిని కడుగుట కొత్త ఆచారముగా చేర్చుకొనుట కష్టము కాదు.

కాబట్టి జహీరాబాదు గృహస్థులకును, ఇట్టి యెఱ్ఱనేల ఊళ్ళలో నివసించు తెలుగువారందఱకును విజ్ఞప్తి. ఏసీ వాడు నాళ్ళలో రెండువారముల కొకసారి యంత్రమును ఆపి, ముఖపు మూతను తెఱచి, జల్లెడను తీసి కొళాయినీట కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి మరల అమర్చుడు. కడుగువేళ అలర్జీరోగి దూరముగా నుండి, కడుగువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మేలు. వేసవికి ముందొకసారి తీగచుట్టను, నీరుపోవు గొట్టమును పనితెలిసినవానిచే శుభ్రము చేయింపుడు. కూలరు గలవారు వారమున కొకసారి తొట్టిని ఆరబెట్టి, ఏటేట గడ్డిని మార్చుడు. తెల్లవారుజామున, దుమ్ము లేవకముందు, కిటికీలు తెఱచి గదిగాలిని మార్చుడు. ఇంటిచుట్టు మొలచిన వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసికొని, వేరుతో పెఱికివేయుడు. వీటిలో దేనికిని ధనము విశేషముగా అక్కఱలేదు. శ్రద్ధ యొక్కటే కావలెను. ఆ శ్రద్ధ లేని యింట ఎంత ఖరీదైన యంత్రమును గాలిని చల్లబరచునే గాని ఊపిరికి మేలు చేయజాలదు.